షిమోన్ సకాగుచి పరిశోధన పత్రాలు: లెక్కలో కనిపించే ప్రభావం, లెక్కకు అందనిది

సభకు నమస్కారం. ఒక శాస్త్రవేత్త ప్రచురణల జాబితా మన చేతికి వచ్చినప్పుడు అందులో ఆయన ప్రభావాన్ని ఎక్కడ వెతకాలన్నది ఈనాటి ప్రసంగ విషయం. ఈ ప్రశ్నను గాలిలో చర్చించడం కంటే ఒక మనిషి రాసిన పత్రాలను వరుసగా చూడటం మేలని, రోగనిరోధక శాస్త్రం నుంచి, శరీరం తన మీద తానే చేసుకునే దాడిని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టి కణాలను గుర్తించిన షిమోన్ సకాగుచిని ఎంచుకున్నాను. 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ఆయన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిసి పంచుకున్నారు. బహుమతి వచ్చింది కాబట్టి ఆయన గొప్పవాడని చెప్పడానికి నేను ఇక్కడ నిలబడలేదు. ఒక పత్రం ప్రచురితమైన సంవత్సరానికీ, దాన్ని లోకం గుర్తించిన సంవత్సరానికీ, అది ఇతరుల ప్రయోగాలను మార్చిన సంవత్సరానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఈయన జాబితాలో స్పష్టంగా కనిపిస్తుంది. మనం వాడే కొలమానాలన్నీ ఈ మూడింటిలో రెండోదాన్ని మాత్రమే కొలుస్తాయని నా అభిప్రాయం.

కథ సకాగుచితో మొదలుకాదు. 1961లో జాక్ మిల్లర్ లండన్‌లో, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల నుంచి థైమస్ గ్రంథిని తొలగిస్తే వాటి రోగనిరోధక శక్తి కుంటుపడుతుందని చూపించారు. అంతవరకు పెద్దగా పని లేని అవయవంగా భావించిన ఆ గ్రంథే, మనం ఈనాడు టి కణాలని పిలిచే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలకు పాఠశాల అని తేలింది. 1969లో జపాన్ పరిశోధకులు నిషిజుక, సకకుర అదే శస్త్రచికిత్సను పుట్టిన మూడో రోజున చేశారు. రెండు మూడు రోజుల తేడాకే ఫలితం తారుమారైంది. ఆ ఎలుకల్లో రోగనిరోధక శక్తి తగ్గిపోవడం కంటే ముఖ్యంగా అండాశయాలు నాశనమయ్యాయి. ఆ తర్వాతి పరిశీలనల్లో అండాశయమే కాక థైరాయిడ్, జీర్ణాశయం వంటి ఇతర అవయవాలు కూడా దెబ్బతింటున్నాయనీ, దెబ్బతీస్తున్నది ఆ జంతువుల సొంత టి కణాలేననీ తెలిసివచ్చింది. టి కణాలు పుట్టే చోటునే కోసి తీసేస్తే టి కణాల దాడి పెరగడమేమిటి? ఐచి క్యాన్సర్ కేంద్రంలో నిషిజుక దగ్గర చేరిన యువ వైద్యుడు సకాగుచిని పట్టుకున్న ప్రశ్న ఇదే. ఆయన తొలి ముఖ్యమైన పత్రాలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ప్రచురణల జాబితా చదివేటప్పుడు నేను మొదట చూసేది దీన్నే: ప్రశ్న ఒకటేనా, లేక ఏడాదికొకసారి మారుతోందా?

1982లో జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్‌లో వచ్చిన పత్రాల్లో సకాగుచి, ఆయన సహచరులు, థైమస్ తీసేసిన ఎలుకలకు ఆరోగ్యవంతమైన ఎలుకల టి కణాలను సకాలంలో ఎక్కిస్తే అండాశయ వ్యాధి రాదని చూపించారు. అంటే మామూలు జంతువులో దాడి చేయగల టి కణాలతో పాటు, ఆ దాడిని ఆపగల టి కణాలు కూడా ఉన్నాయి. ఈనాడు రెగ్యులేటరీ టి కణాలని పిలిచేది వీటినే. మూడో రోజున చేసిన శస్త్రచికిత్స ఆ రెండో రకానికే ఎక్కువ నష్టం చేసింది. 1985లో అదే జర్నల్‌లో వచ్చిన పత్రం మరో మెట్టు ఎక్కింది. ఈసారి థైమస్‌ను ముట్టుకోలేదు. ఆరోగ్యవంతమైన ఎలుక నుంచి తీసిన టి కణాల్లో, ఉపరితలం మీద సీడీ5 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్నవాటిని తొలగించి, మిగిలినవాటిని సొంత టి కణాలు లేని ఎలుకలకు ఎక్కించారు. వాటికి ఆటోఇమ్యూన్ వ్యాధులు, అంటే రోగనిరోధక కణాలే సొంత అవయవాల మీద దాడి చేసే వ్యాధులు, వచ్చాయి. వైరస్ లేదు, మందు లేదు, వ్యాధి కలిగించే పదార్థం ఏదీ లేదు. ఒక రకం కణాలు లేకపోవడమే వ్యాధికి చాలింది.

ఈనాడు చదివితే ఇంత స్పష్టమైన ఫలితాన్ని అప్పట్లో ఎందుకు నెత్తిన పెట్టుకోలేదని ఆశ్చర్యం కలుగుతుంది. కారణం ఆ పత్రంలో లేదు, ఆ కాలంలో ఉంది. 1970లో రిచర్డ్ గెర్షన్, కజునారి కొండో రోగనిరోధక ప్రతిస్పందనను అణచగల టి కణాలను ప్రతిపాదించిన తర్వాత, పదేళ్ల పాటు ఆ రంగం ఉప్పెనలా పెరిగింది. అణచివేసే కణాలు, వాటిని ప్రేరేపించే కణాలు, వాటిని మళ్లీ అణచే కణాలు, వాటి మధ్య తిరిగే కారకాలు అంటూ గొలుసులు గొలుసులుగా పత్రాలు వెలువడ్డాయి. ఆ కణాలను గుర్తుపట్టడానికి ఐ-జే అనే అణువును ఆధారంగా తీసుకున్నారు. దాని జన్యువు ఎలుక డీఎన్‌ఏలో ఎంహెచ్‌సీ అనే, రోగనిరోధక జన్యువులు గుంపుగా ఉండే ప్రాంతంలో ఫలానా చోట ఉంటుందని సంకరణ ప్రయోగాలు చెప్పాయి. 1980ల తొలి ఏళ్లలో ఆ ప్రాంతపు డీఎన్‌ఏను నేరుగా పరిశీలించే పద్ధతులు వచ్చినప్పుడు, అక్కడ అలాంటి జన్యువుకు చోటే లేదని బయటపడింది. దానితో ఆ రంగం మొత్తం పరువు పోయింది. వందల కొద్దీ పత్రాలు, ఒక పత్రం మరో పత్రాన్ని ఆధారంగా పేర్కొంటూ పరస్పరం ఇచ్చుకున్న ఉల్లేఖనలు, అన్నీ ఉన్నాయి. వాటి కింద నేల మాత్రం లేదు. ఉల్లేఖనల సంఖ్యను ప్రభావానికి నిలువుటద్దంగా భావించేవారు ఈ ఘట్టాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1980 నాటికి ఎవరైనా లెక్కలు తీసి ఉంటే, ఇమ్యునాలజీలో అత్యంత ఫలవంతమైన విభాగాల్లో ఒకటిగా ఆ లెక్కలు దీన్నే చూపించి ఉండేవి.

ఆ తర్వాత అణచివేసే టి కణాల మాట ఎత్తితే నిధులు దొరకడం కష్టమైంది, సమీక్షకులు ముఖం చిట్లించుకున్నారు. సకాగుచి అమెరికాలో పలు సంస్థల్లో గడిపిన కాలం ఇదే. ఆయన ఆ ప్రశ్నను వదల్లేదు. అయితే గమనించవలసింది ఆయన పట్టుదలను మాత్రమే కాదు. పట్టుదలతో తప్పు దారిలో నడిచినవారు కూడా శాస్త్రంలో కోకొల్లలు. పాత రంగం చేసిన పొరపాటును ఆయన చేయలేదు. కనిపించని కారకాలను, వాటి గొలుసులను ఊహించలేదు. కణాలను తీసేస్తే వ్యాధి రావాలి, తిరిగి పెడితే రాకూడదు. ఈ రెండు నిబంధనలకు తట్టుకునే గుర్తు కోసమే వెతికారు.

ఆ గుర్తు 1995లో ది జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో వచ్చింది. ఈ పత్రం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఉపరితలం మీద సీడీ4 అనే ప్రోటీన్ ఉన్న టి కణాల్లో ఐదు నుంచి పది శాతం కణాలు, టి కణాలను పెంచే సంకేత ప్రోటీన్ ఇంటర్‌ల్యూకిన్-2ను అందుకునే గ్రాహకంలో భాగమైన సీడీ25 అనే ప్రోటీన్‌ను ఆరోగ్యంగా ఉన్న జంతువులో కూడా ఎప్పుడూ ప్రదర్శిస్తూ ఉంటాయి. సీడీ25 అప్పటికే అందరికీ తెలిసినదే. ఉత్తేజితమైన ఏ టి కణం మీదనైనా అది కనిపిస్తుంది. కాబట్టి ఆ కణాలను చూసినవారు కూడా, అవి ఏదో చిన్న ఇన్ఫెక్షన్‌తో పోరాడుతున్న మామూలు కణాలని అనుకోవడానికి అవకాశం ఉంది. సకాగుచి బృందం వాటిని తొలగించి మిగిలిన కణాలను టి కణాలు లేని ఎలుకలకు ఎక్కించింది. థైరాయిడ్, జీర్ణాశయం, క్లోమంలోని ఇన్సులిన్ కణాలు, లాలాజల గ్రంథులు, అండాశయాలు, కీళ్లు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి దాడికి గురయ్యాయి. తొలగించిన కణాలను త్వరగా తిరిగి ఎక్కిస్తే వ్యాధి ఆగింది. మరుసటి ఏడాది మరో పత్రంలో, ఈ కణాలు పుట్టిన మూడో రోజు ప్రాంతంలోనే థైమస్ నుంచి బయటికి రావడం మొదలుపెడతాయని చూపించారు. 1969 నాటి చిక్కుముడి అక్కడ విడిపోయింది: మూడో రోజున థైమస్‌ను తీసేస్తే దాడి చేసే కణాలు అప్పటికే బయటపడి ఉంటాయి, కాపలా కణాలు లోపలే ఉండిపోతాయి.

ఈ పత్రం ప్రభావం సిద్ధాంతంలో కంటే వాడుకలో ఎక్కువ ఉంది. సీడీ25ను గుర్తించే యాంటీబాడీ అప్పటికే ప్రయోగశాలల్లో ఉంది. ఎవరైనా, ఎక్కడైనా, సకాగుచిని నమ్మవలసిన అవసరం లేకుండా, ఆ యాంటీబాడీతో కణాలను వేరుచేసి తామే పరీక్షించుకోవచ్చు. అమెరికన్ ఇమ్యునాలజిస్టు ఈథన్ షెవాక్ ఇటువంటి కణాల విషయంలో మొదట గట్టి సంశయవాది. 1998లో ఏంజెలా థార్న్‌టన్‌తో కలిసి ఆయనే, సీడీ25 ఉన్న కణాలు గాజుపాత్రలో కూడా ఇతర టి కణాల విభజనను ఆపుతాయని ప్రచురించారు. విరోధి చేతిలో కూడా పనిచేసిన ప్రయోగం కంటే గట్టి ఉల్లేఖన మరొకటి లేదు. 2001లో పలు బృందాలు మనిషి రక్తంలోనూ ఇవే కణాలను గుర్తించాయి. ఆ తర్వాతే వరద మొదలైంది.

ఇక్కడ కొలమానాల సంగతికి వస్తాను. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే ఆలోచనకు మూలపురుషుడు యూజీన్ గార్‌ఫీల్డ్. ఒక జర్నల్ గత రెండేళ్లలో ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన ఉల్లేఖనలను, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. గ్రంథాలయాలు ఏ జర్నళ్లు కొనాలో నిర్ణయించుకోవడానికి ఇది పనికొచ్చే సాధనమే. ఆ అంకెను ఒక మనిషి పత్రానికి అంటగట్టినప్పుడు మాత్రం అసలు కష్టం మొదలవుతుంది. 1995 పత్రానికి ఆ రెండేళ్ల కిటికీ 1997తో మూసుకుపోయింది. షెవాక్ పత్రం కూడా అప్పటికి రాలేదు. పైగా అది వచ్చింది ఒక వృత్తి సంఘం నడిపే, నెమ్మదైన పేరున్న జర్నల్‌లో. అందరూ కలలుగనే ఆర్భాటపు పత్రికలో కాదు.

ఇది ఒక్క సకాగుచి అనుభవం కాదు. 1956లో బ్రూస్ గ్లిక్, తిమోతి చాంగ్, జాప్‌తో కలిసి, కోళ్లలో బర్సా అనే చిన్న అవయవాన్ని తొలగిస్తే యాంటీబాడీల తయారీ దెబ్బతింటుందని రాసిన పత్రాన్ని సైన్స్ పత్రిక తిరస్కరించింది. అది చివరికి పౌల్ట్రీ సైన్స్ అనే కోళ్ల పెంపకపు పత్రికలో వచ్చింది. ఇమ్యునాలజిస్టులు కోళ్ల పత్రిక చదవరు కదా, కాబట్టి దాన్ని పట్టించుకోవడానికి ఏళ్లు పట్టింది. యాంటీబాడీలను తయారుచేసే బి కణాల పేరులోని బి అక్షరం ఆ బర్సా నుంచే వచ్చింది. ఆధునిక ఇమ్యునాలజీ సగభాగం ఆ కోళ్ల పత్రం మీద నిలబడి ఉందంటే అతిశయోక్తి కాదు.

2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ వేరే రకం. ఒకరు రాసిన పత్రాల్లో కనీసం ఇరవైకి ఒక్కొక్కదానికీ ఇరవై ఉల్లేఖనలు వస్తే, ఇరవై ఒక్క పత్రాలకు ఒక్కొక్కదానికీ ఇరవై ఒక్క ఉల్లేఖనలు రాకపోతే, ఆ మనిషి సూచిక ఇరవై. ఇది నిలకడను కొలుస్తుంది, కాని ఎత్తును కొలవదు. ఒక పత్రానికి ఇరవై ఉల్లేఖనలు వచ్చినా ఇరవై వేలు వచ్చినా ఈ లెక్కలో విలువ ఒకటే. సకాగుచికి ఈ సూచిక చాలా ఎక్కువ. నాలుగు దశాబ్దాల జాబితా ఆయనది. మరి ఆయనతో బహుమతి పంచుకున్న మేరీ బ్రంకో సంగతి చూడండి. ఆమె ప్రచురణల జాబితా మిగిలిన ఇద్దరి జాబితాలతో పోలిస్తే చాలా చిన్నది. ఆమె పనిచేసింది విశ్వవిద్యాలయంలో కాదు, ఒక ఔషధ సంస్థలో. అక్కడ పత్రాల సంఖ్యే జీవనాధారం కాదు.

బ్రంకో, రామ్స్‌డెల్ చేపట్టిన పని 1940లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టిన ఒక ఎలుకల జాతి గురించి. స్కర్ఫీ అని పిలిచే ఆ జాతిలో మగ పిల్లలు పొలుసుల చర్మంతో, ఉబ్బిన ప్లీహంతో పుట్టి కొద్ది వారాల్లోనే చనిపోతాయి. లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉందని తెలుసు. ఎక్కడ ఉందో తెలియదు. ఆ క్రోమోజోములో సుమారు 17 కోట్ల క్షార జతలు, అంటే డీఎన్‌ఏ అక్షరాల జతలు, ఉన్నాయి. జీనోము పటాలు ఇంకా సిద్ధం కాని రోజుల్లో, వాళ్లు ఆ విస్తీర్ణాన్ని ఐదు లక్షల క్షార జతలకు కుదించి, అందులోని 20 జన్యువులను ఒక్కొక్కటిగా పరీక్షించారు. చివరిదైన ఇరవయ్యవ జన్యువులో లోపం దొరికింది. దానికి ఫాక్స్‌పీ3 అని పేరు పెట్టారు. 2001లో నేచర్ జెనెటిక్స్‌లో అది వెలువడింది. మగ శిశువుల్లో వచ్చే ఐపెక్స్ అనే అరుదైన, ప్రాణాంతకమైన ఆటోఇమ్యూన్ వ్యాధికి కూడా ఈ జన్యువులోని లోపమే కారణమని అదే ఏడాది రుజువైంది. ఏళ్ల తరబడి సాగిన ఈ వెతుకులాట ప్రచురణల జాబితాలో ఆక్రమించే చోటు రెండు మూడు పంక్తులే.

2003లో రెండు దారులూ కలిశాయి. షోహెయి హోరి, తకషి నోమురాలతో కలిసి సకాగుచి సైన్స్ పత్రికలో, ఫాక్స్‌పీ3 జన్యువే ఆ కాపలా కణాల అభివృద్ధిని నడిపిస్తుందని, మామూలు టి కణంలో ఆ జన్యువును ప్రవేశపెడితే అది కూడా అణచివేసే గుణాన్ని పొందుతుందని చూపించారు. అదే ఏడాది అలెగ్జాండర్ రుడెన్‌స్కీ బృందం, రామ్స్‌డెల్ బృందం నేచర్ ఇమ్యునాలజీలో దాదాపు అదే నిర్ణయానికి వచ్చాయి. 2017లో స్వీడన్ శాస్త్ర అకాడమీ ఇచ్చే క్రఫోర్డ్ బహుమతి సకాగుచి, రామ్స్‌డెల్, రుడెన్‌స్కీలకు వచ్చింది. 2025 నోబెల్‌లో రుడెన్‌స్కీ లేరు, బ్రంకో ఉన్నారు. ముగ్గురికి మించి ఇవ్వకూడదన్న నియమం ఉన్నప్పుడు ఇలాంటివి తప్పవు. ఎవరి వాటా ఎంత అన్న తగవులోకి నేను దిగను. మూడు ప్రయోగశాలలు విడివిడిగా ఒకే ఫలితాన్ని చేరడమే, ఐ-జే నాటి రంగానికి లేనిదీ ఈ రంగానికి ఉన్నదీ ఏమిటో చెబుతోంది.

రచయితల పేర్ల వరుస గురించి ఒక మాట. జీవశాస్త్ర పత్రాల్లో సాధారణంగా మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాల అధిపతిది. 1995 పత్రంలో మొదటి పేరు సకాగుచిదే. దాదాపు ఇరవై ఏళ్లుగా ఆ రంగంలో ఉన్న మనిషి ఇంకా తానే మొదటి రచయిత కావడం, అప్పటికి ఆయన చేతి కింద పెద్ద సైన్యం లేదని సూచిస్తుంది. రెండో పేరు ఆయన భార్య నొరికో సకాగుచిది. 2003లో నేచర్‌లో ఆమె మొదటి రచయితగా వచ్చిన పత్రం, జాప్-70 అనే జన్యువులోని మార్పు వల్ల ఎలుకల్లో కీళ్లవాతం ఎలా వస్తుందో చెప్పింది. ఆ ఎలుకల జాతిని ఎన్నో ప్రయోగశాలలు ఈనాటికీ వాడుతున్నాయి. ఇక సమీక్ష వ్యాసాల విషయానికి వస్తే, సకాగుచి రాసినవాటికి వేల ఉల్లేఖనలు ఉన్నాయి. అవి మంచి వ్యాసాలే. కాని ఎవరి జాబితానైనా చదివేటప్పుడు నేను సమీక్షలను పక్కనపెట్టి మిగిలినదేమిటో చూస్తాను. సమీక్షను ఉల్లేఖించడం చాలాసార్లు మూల పత్రాలు చదవడానికి బద్ధకించినవారు చేసే పని.

ప్రభావం అంటే అంగీకారం మాత్రమే కాదు, కొత్త చిక్కులు కూడా. ఫాక్స్‌పీ3 కణం లోపల, కేంద్రకంలో ఉంటుంది. దాన్ని చూడాలంటే కణాన్ని చంపి పొరకు రంధ్రాలు చేయాలి. చికిత్సకు బతికున్న కణాలు కావాలి కదా! పైగా మనిషిలో, ఉత్తేజితమైన మామూలు టి కణాలు కూడా కొద్దికాలం ఫాక్స్‌పీ3ను ప్రదర్శిస్తాయి. 2006లో ఇతర బృందాలు, కణ ఉపరితలం మీది సీడీ127 అనే ప్రోటీన్ తక్కువగా ఉండటం ఈ కణాలకు మంచి బాహ్య గుర్తు అని చూపాయి. 2009లో మకోటో మియారా మొదటి రచయితగా సకాగుచి బృందం, మనిషిలో ఫాక్స్‌పీ3 ఉన్న కణాలన్నీ ఒకటి కావని, వాటిలో ఒక వర్గానికి అణచివేసే శక్తే లేదని రాసింది. తన పేరు మోసిన గుర్తుకు తానే పరిమితి గీయడం జాబితాలో అరుదుగా దొరికే విషయం. నా దృష్టిలో ఆయన ఉత్తమ పత్రాల్లో ఇదొకటి.

చికిత్స వైపు లెక్క మాత్రం ఇంకా తేలలేదు. జపాన్ ఇమ్యునాలజిస్టు తసుకు హోంజో బృందం 1992లో పీడీ-1 జన్యువును ప్రచురించినప్పుడు దాని పని ఏమిటో వారికే తెలియదు. 1999లో అది టి కణాలకు కళ్లెం అని తేలింది, 2014కల్లా దాన్ని అడ్డుకునే మందు క్యాన్సర్ రోగుల చేతికి వచ్చింది. రెగ్యులేటరీ టి కణాలకు అటువంటి సూటి దారి దొరకలేదు. కణితుల్లో అవి ఎక్కువై శరీరపు దాడిని అడ్డుకుంటాయి, ఆటోఇమ్యూన్ వ్యాధుల్లో చాలక ఇబ్బంది పెడతాయి. అంటే ఒక చోట తగ్గించాలి, మరో చోట పెంచాలి, మిగిలిన శరీరాన్ని కదపకూడదు. రోగి కణాలనే పెంచి తిరిగి ఎక్కించడం, ఇంటర్‌ల్యూకిన్-2ను అతి తక్కువ మోతాదులో ఇవ్వడం వంటివి మనుషుల మీద పరీక్షల్లో ఉన్నాయి.

చివరిగా, ఉల్లేఖనల లెక్కలో ఒక వింత ఉంది. ఒక ఆవిష్కరణ పాఠ్యపుస్తకంలోకి చేరిపోయాక దాని మూల పత్రాన్ని ఎవరూ ఉల్లేఖించరు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ దీన్ని ఎన్నడో గమనించారు. టి కణాల గురించి రాసే పత్రాలు ఇప్పుడు చాలావరకు 1961 నాటి మిల్లర్‌ను తలవవు. 1995 పత్రానికీ అదే జరగడం మొదలైంది. ఈనాడు క్యాన్సర్ కణితి ముక్కలో ఫాక్స్‌పీ3 రంగు వేసి కణాలు లెక్కపెట్టే వైద్యుడు తన పత్రం చివర ఇచ్చేది, గత మూడు నాలుగేళ్లలో వచ్చిన ఏదో ఒక సమీక్ష వ్యాసం పేరు.